గ్రాములో నూరవ పాలు

టన్నులతో లెక్కించుటకు అలవాటుపడిన ఊరు భిలాయి. దల్లీ రాజహరా కొండల ఇనుపరాయియు, నందిని గనుల సున్నపురాయియు ఇచ్చటికి వ్యాగన్లకొలది వచ్చుచుండును; ఇచ్చటినుండి వెడలు రైలుపట్టా మీటరునకు 60 కిలోల బరువు గలది, 260 మీటర్ల నిడివిగల ఒక్క పట్టాయే పదునైదు టన్నులను మించును. 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి ఉక్కు కర్మాగారము లేచుచుండగను, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన పిమ్మటను, విజయనగరమునుండి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరు రైలుదారిని శ్రీకాకుళ విశాఖ ప్రాంతములవారు ఎందరో వచ్చి క్యాంప్ 1, క్యాంప్ 2 పేటలలో కాపురములు పెట్టిరి. వారి సంతతి నేడు పవర్ హౌస్ బజారులో హిందీలో బేరమాడి, ఇంటికి వచ్చి తెలుగులో లెక్క చూచుకొనుచున్నది.

ఇంతటి బరువుల ఊరిలో అరచేయంత డిజిటల్ త్రాసును గూర్చి వ్రాయుటకు కారణము కలదు. రైలుపట్టా ఉక్కులో కర్బనము నూటికి 0.60 మొదలు 0.80 వరకు ఉండవలెను. అనగా ఒక గ్రాము ఉక్కులో ఆరేడెనిమిది మిల్లీగ్రాములు మాత్రమే. ఆ కొలది తగ్గినచో పట్టా త్వరగా అరుగును, హద్దుమీరినచో పెళుసుబారి విరుగును. పెద్ద బరువుల మంచిచెడ్డలు సూక్ష్మమైన తూనికలోనే తేలునన్నది ఉక్కు ప్రయోగశాలలో పనిచేయు ప్రతివానికిని తెలిసిన సంగతి. ఇంటి విషయమునను ఇదియే సత్యమని నా విశ్వాసము.

పూర్వము సూక్ష్మపు తూనిక కంసాలి సొత్తు. ఉత్తరాది లెక్కలో ఎనిమిది గురివిందలు ఒక మాషము, పండ్రెండు మాషములు ఒక తులము. ఆ తులము నేటి 11.66 గ్రాములు. మన తెలుగునాట గృహిణికి తెలిసినది 120 తులముల వీశె. 1956 నాటి చట్టముననుసరించి మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరులో ప్రవేశించి, 1962 ఏప్రిల్ 1 నాటికి దేశమంతట నిర్బంధమైనవి గాని, గ్రాముకన్న తక్కువ బరువును తూచు సాధనము మాత్రము అద్దపు పెట్టెలో కంసాలి యొద్దనే ఉండిపోయెను. కొన్ని వందల రూపాయలకే గ్రాములో నూరవ పాలును చూపు త్రాసు దొరకుట ఇటీవలి మాట.

దీనిలోపల ముల్లు లేదు, రాళ్ళు లేవు. నడుమ తొలిచి పలుచన చేసిన ఒక అల్యూమినియపు దిమ్మ యుండును. పళ్ళెముపై బరువు పడగానే అది కంటికి కానరానంత వంగును. దానికి అంటించిన సన్నని లోహపు రేకులు ఆ వంపునకు సాగియో ముడుచుకొనియో తమ విద్యుత్ నిరోధమును మార్చుకొనును. ఆ మార్పును ఒక చిన్న చిప్పు అంకెలుగా మార్చి చూపును. ఈ రేకునకు మూలమైన తీగరూప సాధనమును 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనువారు వేరువేరుగా కనిపెట్టిరి. లారీని లారీగా తూచు ధరమ్ కాంటాల క్రిందను నేడు పనిచేయునది ఈ సూత్రమే. అచ్చట అల్యూమినియమునకు బదులు ఉక్కు దిమ్మలు.

అయినను అంకె కనబడినంతమాత్రమున అది నిజమని నమ్మరాదు. సమముకాని బల్ల, తలపైని ఫ్యాను గాలి, బలహీనపడిన బ్యాటరీ, ఇవన్నియు తూనికను చెరచును. దీనిని పరీక్షించుట సులభము. 2011 వరుసకు చెందిన అయిదు రూపాయల నాణెము 6 గ్రాములు, రూపాయి నాణెము 3.79 గ్రాములు, అరగని నాణెములను ఎంచి తూచి చూడవలెను. జిరాక్సు దుకాణములో వాడు 80 జి.ఎస్.ఎం. ఏ4 కాగితము ఒక్కొక్కటి 5 గ్రాములకు వెంట్రుకవాసి తక్కువ. మరియొక సూక్ష్మము గలదు: సున్న చూపుచున్న పళ్ళెముపై పొడిని చిటికెడు చిటికెడుగా రాల్చినచో, త్రాసు ఆ కొద్దిపాటి మార్పును తన చలనమనుకొని సున్నగానే దిద్దుకొనును. ముందుగా ఒక నాణెమునుంచి, దాని బరువు కనబడుచుండగనే పొడిని చేర్చి, పిదప నాణెపు బరువును తీసివేయుట మేలు.

ఉత్తరముల తూనిక, నందిని రోడ్డు వైపు చిన్న కార్ఖానాలలో పది బోల్టుల బరువునుబట్టి సంచిలోనివాటిని లెక్కగట్టుట మొదలగు ఉపయోగములు చెప్పకయే తెలియును. బంగారము సంగతి కొంత విస్తరించి చెప్పదగినది. నగను కుదువపెట్టునపుడు రాళ్ళ బరువు త్రోసివేసి మిగిలినదానికే విలువ కట్టుదురు గనుక, ఇల్లు వెడలకముందే తూచి కాగితముపై వ్రాసికొనుట ఆడబడుచులకు నేను మరిమరి చెప్పు మాట. అంతకుమించి, ఈ త్రాసుతో ఆర్కిమిడీస్ పరీక్షయు ఇంటనే చేయవచ్చును. మొదట నగను ఉత్తనే తూచవలెను. పిదప నీటిగిన్నెను త్రాసుపైనుంచి, మీట నొక్కి సున్న చేసి, సన్నని దారముతో నగను అడుగునకును అంచునకును తగులకుండ పూర్తిగా మునుగునట్లు వ్రేలాడదీసినచో, కనబడు అంకె ఆ నగ త్రోసిన నీటి బరువు. మొదటి తూనికను దీనితో భాగించినచో సాంద్రత వచ్చును. మేలిమి బంగారమునకు అది 19.3, 22 క్యారెట్లదానికి పదిహేడున్నరకును పద్దెనిమిదికిని నడుమ, వెండికి 10.5, ఇత్తడికి ఎనిమిదిన్నర. ఎనిమిది గ్రాముల కాసు నీటిలో 0.45 చూపవలసియుండగా, అదే బరువుగల ఇత్తడి 0.94 చూపును. చిన్న నగలో అంకె ఒక్క మెట్టు తప్పినను ఫలితము మారును గావున గాజులవంటి బరువైన వస్తువులకే దీనిని నమ్మవలెను. లోపల లక్క నింపిన నగలకు ఇది పనికిరాదు. బంగారముతో సమానమైన సాంద్రతగల టంగ్‌స్టన్‌ను ఇది పట్టలేదు. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరముల హెచ్.యూ.ఐ.డి. గుర్తుతోడి హాల్‌మార్క్ నగలనే దుకాణదారు అమ్మవలెను. ఆ గుర్తును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూచుకొనుట ఈ పరీక్షకు తోడుగా ఉండవలెను.

ఈ త్రాసుతో వ్యాపారము మాత్రము చేయరాదు. 2011 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న తూనికలు కొలతల చట్టము ప్రకారము అమ్మకమునకు వాడు త్రాసుపై అధికారుల ముద్ర ఉండవలెను. ఎలక్ట్రానిక్ త్రాసునకు ఏటేట ఆ ముద్రను తిరిగి వేయించవలెను. ఇంట పచ్చళ్ళు పెట్టి అమ్ముకొను స్త్రీలకు ఈ నియమము తెలిసియుండుట మంచిది.

పచ్చళ్ళనగానే ఉప్పు. ఆవకాయకు ఆవపిండి, కారము, ఉప్పు గిన్నెకొలతతో వేయుట మన పెద్దల పద్ధతి. అది రాతి ఉప్పును దంచి వాడిన కాలమునకు సరిపోయినది. నేడు పొట్లములోని మెత్తని ఉప్పు అదే గిన్నెలో ఎక్కువ బరువు పట్టును. ఒక ఏడు కుదిరిన పాళ్ళను గ్రాములలో వ్రాసియుంచుకొన్న ఇంట, కోడలు పెట్టినను అత్తగారి రుచియే వచ్చును. అంతకన్న ముఖ్యమైనది ఆరోగ్యము. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగనే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నలుగురు పెద్దలున్న ఇంట అది 20 గ్రాములు. కిలో పొట్లము ఏబది దినములైనను రావలెను. ఊరగాయ, అప్పడము, బజారు మిక్స్చరుల ద్వారా లోనికి పోవునది ఈ లెక్కలోనికి రాదు గావున, పొట్లము ఇంకను నిలువవలసియుండును. రక్తపుపోటు గలవారి ఇంట పప్పులో, కూరలో, పులుసులో పడు ఉప్పును వేరువేరుగా తూచినచో, ఎచ్చట తగ్గింపవలెనో నోటితో వాదులాడ నక్కరలేకయే తెలియును. కొలిమివేడిమిలో చెమటోడ్చి పనిచేయువారి అవసరము వేరు. వారు వైద్యుని అడిగియే తగ్గింపవలెను.

త్రాసు కొనుటకు ముందు చేయదగిన పని యొకటి గలదు. నేడు తెరచు ఉప్పు పొట్లముపై తేదీ వ్రాయుడు. అది ఏబది దినములకు ముందే ఖాళీయైనచో, ఆ మరునాడే త్రాసు కొనుడు.