ఇంటివారి చేతి కెమెరా

మిరపకాయ కల్లములలో ఎండి, టిక్కీలనెడు బస్తాలకెక్కి, గుంటూరు యార్డులో కాటా పడి, రైతు చేతికి సొమ్ము వచ్చు కాలమునకును, పంచాంగములో మాఘము మొదలుకొని జ్యేష్ఠము వరకు వివాహ ముహూర్తములు దట్టముగా పడు కాలమునకును గల పొత్తు యాదృచ్ఛికమో పెద్దల ముందుచూపో చెప్పజాలము గాని, అద్దంకి చుట్టుపట్ల గ్రామములలో శుభకార్యములనేకము ఈ నాలుగైదు నెలలలోనే ఒకదానిపై నొకటి వచ్చి పడుచుండును. పెండ్లి, గృహప్రవేశము, ఓణీల పండుగ, పంచెల పండుగ, షష్టిపూర్తి, సింగరకొండ ఆంజనేయస్వామి సన్నిధిలో పుట్టువెండ్రుకలు తీయించుట - వీనిలో దేనికైనను నేడు వీడియో లేనిదే నిండుతనము లేదు. పందిరి ఎవరిది, వంట ఎవరిది, మేళమెవరిది అను ప్రశ్నల సరసనే "వీడియో ఎవరికిచ్చారు బాబాయ్?" అను ప్రశ్నయు నిలిచియున్నది.

అట్లు కిరాయికి వచ్చువారు తమ పనిలో సమర్థులే. జీలకర్ర బెల్లమును, మంగళసూత్రధారణమును, తలంబ్రాలను వారు తప్పిపోనీయరు. డ్రోను ఎగురవేయుదురు, ఎల్‌ఈడీ తెరపై చూపుదురు, డల్లాసులోనో మెల్బోర్నులోనో ఉన్న బంధువుల కొరకు యూట్యూబులో అప్పటికప్పుడే ప్రసారము చేయుదురు. అయినను కొన్ని నెలలకు పెన్‌డ్రైవులో ఇల్లు చేరు ఆ చిత్రమును ఓపికతో చూచినవారికి ఒక సంగతి తెలిసివచ్చును: అందులో మనుష్యులు కనబడుదురు గాని వినబడరు. పెదవులు కదలుచుండును, సినిమా పాట మ్రోగుచుండును. పెండ్లికి ముందురోజు రాత్రి అరుగుమీద కూర్చుండి తాతగారు చెప్పిన పాత పొలముతగవు, గాడిపొయ్యి ప్రక్క మేనత్త విసిరిన ఎకసెక్కము, విడిదింటిలో కాఫీ ఆలస్యమైనదని మగపెండ్లివారి పెద్దాయన చూపిన అలుక - ఇవి ఏ ఒప్పందములోను ఉండవు. ఇంటివాడు తీసికొన్ననే ఉండును. కావున కుటుంబము కొరకు క్యామ్‌కార్డరు కొనదలచినవాడు ముహూర్తమును గాక, ముహూర్తమునకు ఇటును అటును గల గంటలను దృష్టియందుంచుకొని దానిని ఎన్నుకొనవలెనని నా అభిప్రాయము. ఇట్లు నిశ్చయించుకొన్న మరుక్షణమే, పెట్టెపై అచ్చువేసిన పెద్ద పెద్ద అంకెలలో సగము నిరుపయోగములగును.

ఈ యంత్రము పూర్వచరిత్ర ఎంతో పెద్దది కాదు. 1983లో సోనీ సంస్థ వెలువరించిన బీటామూవీ, కెమెరాను, టేపు తిరుగు పెట్టెను ఒక్కటిగా చేర్చి సామాన్యులకమ్మిన తొలి యంత్రము; భుజముపై మోయవలసిన ఆ బరువు చిత్రము తీయుటయే కాని, తీసినదానిని తిరిగి చూపుట ఎరుగదు. 1985లో చిన్న క్యాసెట్టుతో హ్యాండీక్యామ్ వచ్చెను. 1995లో డీవీ టేపుతో అంకాత్మక (డిజిటల్) యుగమారంభమాయెను. గంటసేపు పట్టు అరచేతిలోని ఆ క్యాసెట్టు పదేండ్లు ఏలెను. పిమ్మట హార్డుడిస్కులు, 2006లో సోనీ, పానాసోనిక్ సంస్థలు కలసి ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ అను నమోదు పద్ధతి, తుదకు గోరంత మెమొరీ కార్డు. నేడు జేబులోని ఫోనే వీని నన్నిటిని మ్రింగివేయుచున్నది. క్యామ్‌కార్డరులు చేయు సంస్థలు తగ్గినవి, అంగళ్లలో రకములును తగ్గినవి.

ఫోనుండగా వేరొక కెమెరా ఏల అని అడుగువారికి, రెండు మూడు నిమిషముల తునకలే చాలుననుకొన్నచో అక్కరలేదనియే నా సమాధానము. అరగంటసేపు ఎడతెగక సాగు మాటలను పట్టవలెనన్నచో సంగతి వేరు. నడుమ కాల్ వచ్చును. ఎండవేళ ఫోను వేడెక్కి తనంత తానే ఆగిపోవును. కెమెరాయున్న ఆ ఫోనే బంధువులకు దారి చెప్పుటకును, పువ్వులవానికి డబ్బు పంపుటకును కావలసియుండును. పోనీ, ఫొటోలు తీయు పెద్ద కెమెరాతోనే వీడియో తీయుదమన్నచో, వానిలో అనేకము ముప్పది నిమిషములకు ఒక్క క్షణము ముందు ఆగిపోవునట్లు చేయబడినవి. దీనికి కారణము యంత్రశాస్త్రము కాదు, పన్నుల శాస్త్రము: అరగంటకు మించి వీడియో తీయగలదానిని ఐరోపా సుంకముల పట్టిక వీడియో కెమెరాగా లెక్కించి అధికముగా సుంకము విధించుచు వచ్చినందున, తయారీదారులు ఆ గీత దాటక ఆగిరి. ఇటీవలి కెమెరాలలో ఈ హద్దు తొలగుచున్నది గాని, పాతవి కొనువారు విచారించుకొనవలెను. క్యామ్‌కార్డరునకు మొదటినుండియు ఈ బంధము లేదు. కార్డు నిండువరకో, బ్యాటరీ అయిపోవువరకో అది తీయుచునే యుండును.

ఇక ముఖ్యమైన విషయము శబ్దము. దీనిని కొనువారును అడుగరు, అమ్మువారును చెప్పరు. సన్నాయి, డోలు ఉన్నచోట, గట్టిమేళమన్నంతనే చెలరేగు ధ్వనికి కెమెరా తనలోని శబ్దగ్రహణశక్తిని తనంతట తానే తగ్గించుకొనును; మేళమాగిన పిదప అది తిరిగి హెచ్చుటకు కొంత వ్యవధి పట్టును; ఆ వ్యవధిలోనే అమ్మమ్మ ఆశీర్వదించుచు పలికిన నాలుగు మాటలు అణగిపోవును. కావున శబ్దపు హెచ్చుతగ్గులను చేతితో నిర్ణయించు వీలుగల కెమెరా మేలు. రెండవది, జూమ్ చేసినపుడు ముఖము దగ్గరకు వచ్చును గాని మాట రాదు. బయలులో దూరము రెట్టింపైనచో చెవిని చేరు శబ్దశక్తి నాలుగవ వంతుకు పడిపోవును. హాలు చివర నిలిచి వేదికపైనున్న వధువు కన్నీటి బొట్టును పట్టవచ్చును గాని, అప్పగింతలలో ఆమె తండ్రి గొంతు తడబడుట పట్టుటకు ప్రక్కన నిలువవలసినదే, లేదా అచ్చట ఒక మైకు ఉంచవలసినదే. దీనికై కెమెరాకు బయటి మైకు తగిలించు రంధ్రముండవలెను. సోనీ సీఎక్స్405 వంటి చవుక రకమునకు ముప్పది రెట్ల జూమ్ కలదు, బరువు పావుకిలో లోపు, వృద్ధుల చేతికిని సులువు. కాని మైకు తగిలించు వీలు లేదు. అదే సంస్థ ఏఎక్స్53లో జూమ్ ఇరువది రెట్లే, బరువు అరకిలోకు పైగా. అయినను మైకునకు, ఇయర్‌ఫోనునకు రెండింటికి చోటు కలదు. నన్నడిగినచో పది రెట్ల జూమ్ వదలుకొని ఒక్క రంధ్రమును కోరుకొందును. చొక్కాకు తగిలించు చిన్న మైకులు నేడు సులభముగా దొరకుచున్నవి. తాతగారి కండువా మడతలో ఒకటి అమర్చి, ఇయర్‌ఫోను పెట్టుకొని విన్నచో, సీలింగ్ ఫాను గర్రు ఎంత పడుచున్నదో కూడ తెలియును, కట్టివేయవచ్చును.

జూమ్ మాట వచ్చినది కనుక ఒక హెచ్చరిక. కటకములు కదలి దగ్గరకు తెచ్చు ఆప్టికల్ జూమ్ ఒక్కటే లెక్క. మూడువందల రెట్లని పెట్టెపై వ్రాయు డిజిటల్ జూమ్, ఉన్న చుక్కలను సాగదీయుట మాత్రమే. అంతకంటె మన ఇండ్లకు కావలసినది దూరపు చూపు కాదు, వెడల్పు చూపు. పది అడుగుల గదిలో పెండ్లికూతురును చేయుచు పదునైదుమంది ముత్తైదువలు గుమిగూడినపుడు వెనుకకు జరుగుటకు గోడ అడ్డము. అప్పుడు ఇరువదియారు, ఇరువదియేడు మిల్లీమీటర్ల కటకమునకు సరితూగు వెడల్పున్నచో గది అంతయు ఇముడును, నలుబది దాటినచో అంచులవారు తెగిపోవుదురు. చేతి వణకును అణచు ఏర్పాటు కూడ కటకములోనే ఉండవలెను గాని, చిత్రపు అంచులు కత్తిరించి సరిపెట్టునది కాకూడదు. పైన చెప్పిన ఏఎక్స్53లో కటకపు దిమ్మ మొత్తము లోపల తేలుచు చేతి కదలికకు ఎదురు కదలును; వీధిలో మేళము వెంట నడచుచు తీయువారికి దీని విలువ తెలియును.

వెలుతురు సంగతిలో మన ప్రాంతమునకు సంబంధించిన చిక్కులు రెండు కలవు. మొదటిది కరెంటుది. మన విద్యుత్తు సెకనుకు ఏబది ఆవృత్తములు గలది. దానిచే వెలుగు ట్యూబులైట్లు, చవుక ఎల్‌ఈడీలు సెకనుకు నూరుమార్లు హెచ్చి తగ్గుచుండును. మన దేశమున అమ్ము కెమెరాలు సెకనుకు ఇరువదియైదు లేదా ఏబది చిత్రముల లెక్కన తీయును గనుక పేచీ లేదు. అమెరికానుండి అబ్బాయి తెచ్చు కెమెరా ముప్పది, అరువది లెక్కలది. కంటికి నిలకడగా కనబడు దీపములు దానిలో రెపరెపలాడును, లేదా నల్లని చారలు ప్రాకును. కొన్నిటిలో ఈ లెక్కను మార్చు వీలుండును, కొన్నిటిలో ఉండదు. కావున "తెచ్చేటప్పుడు నాన్నా, ఏబదికి మారుతుందో లేదో చూచి తీసికో" అని ముందే చెప్పుట మంచిది. ఇదివరకే వచ్చియున్నదా, షట్టరును సెకనులో ఏబదవ వంతునకో, నూరవ వంతునకో బిగించినచో చాలవరకు ఆ జబ్బు నయమగును.

రెండవది ఎరుపుది. కుంకుమ, పారాణి, పట్టుచీర అంచు, కల్లములో ఆరబోసిన మిరప - మన శుభకార్యముల రంగు ఎరుపే. అంకాత్మక కెమెరాకు మిక్కిలి చిక్కు తెచ్చు రంగును అదియే. దానిలోని గ్రాహకఫలకము (సెన్సరు) పై నలుచదరముగా కూర్చిన ప్రతి నాలుగు కణములలో రెండు ఆకుపచ్చను, ఒకటి నీలమును, ఒక్కటి మాత్రమే ఎరుపును గ్రహించును. అందుచే ఎర్రని వస్తువు వివరము పలుచబడును. పసుపుపచ్చని బల్బుల క్రింద ఎరుపు కణములు ముందుగా నిండి పొంగిపోవును. ఫలితముగా కంచిపట్టు నేతయు, బుటాయు మాసిపోయి, చీర ఒక ఎర్రని అట్టవలె కనబడును. కల్లమును తీసి చూచినవారికి ఇది మరింత స్పష్టము: కాయకు కాయకు నడుమ గీత ఉండదు. వెలుతురును ఒక మెట్టు తగ్గించి తీయుట, తెల్లని పంచెను చూపి వైట్ బ్యాలెన్స్ సరిచేయుట దీనికి మందులు. ఆ రెంటిని చేతితో చేయనీయు కెమెరాయే కొనదగినది. కొనుటకు ఒంగోలుకో గుంటూరుకో పోవునపుడు ఒక ఎర్ర పట్టుచీరను సంచిలో పెట్టుకొని పోయి, దుకాణపు దీపముల క్రింద తీయించి, టీవీలో చూపుమని అడుగుడు. దుకాణదారు నవ్విన నవ్వవచ్చును. గ్రాహకఫలకము ఎంత పెద్దదైన రాత్రి ముహూర్తములలో అంత మేలు. చిన్న ఫలకముపై 4కే అను ముద్ర చూచి మురియుటకంటె, పెద్ద ఫలకముపై మామూలు హెచ్‌డీయే శ్రేష్ఠము.

ఎండ మాట విడువరాదు. సాధారణముగా ఈ కెమెరాల పుస్తకములలో నలుబది డిగ్రీల వరకే వాడుమని వ్రాసియుండును. వైశాఖ జ్యేష్ఠములలో మన పల్నాటి, ప్రకాశం మైదానములు ఆ గీతను అవలీలగా దాటును. కారులో విడువక, తెల్లని తువాలు కప్పి, అదనపు బ్యాటరీ ఒకటి నీడన ఉంచవలెను. మిరప కోరు, పత్తి నూగు కటకము చుట్టునున్న సందులలో చేరును. నోటితో ఊదక రబ్బరు బుడ్డితో ఊదవలెను. వానకాలమున కటకముపై బూజు పట్టకుండ సిలికా జెల్ పొట్లములతో డబ్బాలో పెట్టుట మరువరాదు.

ఇక తీసినదానిని దాచుకొను లెక్క. 4కేలో సెకనుకు నూరు మెగాబిట్ల చొప్పున తీసినచో గంటకు 45 జీబీ అగును. అదే హెచ్‌డీలో పదునేడు మెగాబిట్ల చొప్పున ఎనిమిది జీబీ లోపే. మూడురోజుల పెండ్లిలో ఇంటివాడు ఎనిమిది గంటలు తీసిన, మొదటి లెక్కన 360 జీబీ. కార్డు ఖాళీ చేయుటకని పెండ్లిసందడిలో మేనల్లునికిచ్చి, అతడు ముందుది చెరిపి వేరొకటి ఎక్కించిన కథలు ప్రతి ఊరిలోను కలవు. కావున పని ముగియువరకు కార్డులను చెరుపక, నిండినదానిని తీసి పెద్దామె బీరువాలో పెట్టించుటయే క్షేమము. తరువాత రెండు హార్డుడిస్కులలో రెండు నకళ్లు, వేర్వేరు ఇండ్లలో. దాచినంత చాలదు, చదువ వీలుండవలెను. సేనాని పండరంగని విజయములను తరువోజ పద్యములో చెక్కిన క్రీస్తుశకము 848 నాటి అద్దంకి శాసనమును నేటికిని చదువగలుగుచున్నాము. కాని ఇరువదియేండ్ల నాటి డీవీ క్యాసెట్టును చదువుటకు యంత్రము వెదకుకొనవలసియున్నది. అంతకంటె పాత క్యాసెట్టులను తిప్పు వీసీఆర్‌లు చేయుచుండిన చివరి సంస్థ, జపానులోని ఫునాయ్, 2016 జూలైలో ఆ తయారీని నిలిపివేసెను. డీవీ టేపులనుండి కంప్యూటరులోనికి ఎక్కించుటకు ఫైర్‌వైర్ అను తీగయు, అది తగులు పాత కంప్యూటరును కావలెను, అవియు అరుదగుచున్నవి. అటకపై పాత పెండ్లి క్యాసెట్టులున్న ఇంటివారు, వానిపై బూజును చూచి తుడువబోక, నకలు తీయు అనుభవము గలవానికి అప్పగించి, కొత్త కెమెరాకై దాచిన సొమ్ములో కొంత ముందుగా దానికే వెచ్చింపవలెను. కెమెరా వచ్చే మాఘమునకు కొన్నను దొరకును.