ఉరుము వినబడిందంటే మెరుపు అందే దూరంలోనే ఉన్నట్టు

రాయ్‌పూర్ ఎండాకాలం సాయంత్రాలకు ఒక వరస ఉంది. మధ్యాహ్నమంతా నిప్పులు చెరిగే ఎండ, పొద్దు వాలే వేళకి దుమ్ము లేపుకుంటూ వచ్చే గాలి (ఇక్కడివాళ్లు దాన్ని అంధడ్ అంటారు), ఆ వెనకే ఉరుములు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఈ ఊరికి ఉద్యోగాలకొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు సామానుతో పాటు అర్జునుడి పేర్లూ వెంట తెచ్చుకున్నారు. ఉరిమిందంటే పెద్దవాళ్లు చెవులు మూసుకుని ‘అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ’ అని మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు, గుండె దడ తగ్గుతుంది. కాకపోతే ఉరుము వినబడేసరికే ఆ మెరుపు తన పని ముగించుకుని ఉంటుంది. ఆ పేర్లు కాపాడాల్సి వస్తే తర్వాతి మెరుపు నుంచే కాపాడాలి.

మెరుపును చూసి మురిసిపోయి, ఉరుముకు ఉలిక్కిపడడం మనకు అలవాటు. ప్రమాదం సంగతి చూస్తే ఇది తలకిందుల వ్యవహారం. ఉరుములు, మెరుపుల చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో కొన్ని సరదావి, కొన్ని ప్రాణాలు తీసేవి.

అపోహ: మబ్బులు ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఉరుముతుంది

చిన్నప్పుడు ఎవరో ఒకరు ఇలా చెప్పే ఉంటారు. మబ్బంటే గాలిలో తేలే నీటి తుంపరలు, మంచు పలుకులు. రెండు మబ్బులు ఎదురుపడితే చప్పుడు లేకుండా కలిసిపోతాయి. అయితే ఈ నమ్మకంలో పావువంతు నిజం లేకపోలేదు. గుద్దుకునేవి ఉన్నాయి, కానీ అవి మబ్బు కడుపులో ఉన్నాయి. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరిగే క్యుములోనింబస్ మేఘంలో సన్నటి మంచు పలుకులు, బరువైన మెత్తటి వడగళ్ల గింజలు రాసుకుంటాయి. ఆ రాపిడిలో తేలికవి ధనావేశంతో పైకి పోతాయి, బరువైనవి రుణావేశంతో కింద మిగులుతాయి. ఈ తేడా పెరిగి పెరిగి, మామూలుగా కరెంటును పారనివ్వని గాలి కూడా ఇక ఆపలేని దశ వస్తుంది. అప్పుడు కరెంటు దారి చేసుకుంటుంది. అదే మెరుపు.

ఆ దారి రెండు మూడు వేళ్ల మందం కూడా ఉండదు. కానీ అక్కడి గాలి రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టకుండా సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీలే. అంత హఠాత్తుగా కాగిన గాలి పేలినట్టు వ్యాకోచిస్తుంది, ఆ అదురు మన చెవికి ఉరుముగా అందుతుంది. మెరుపు లేని ఉరుము లేదు. మబ్బుల చాటున మెరిస్తే, పట్టపగలు మెరిస్తే మన కంటికి ఆనకపోవచ్చు, అంతే.

మరి దగ్గర్లో పడ్డప్పుడు ‘ఠాప్’మని ఒక్క దెబ్బగా, దూరంలో అయితే గొణుగుతున్నట్టు సాగి సాగి ఎందుకు వినబడుతుంది? మెరుపు ఒక చుక్క కాదు, కిలోమీటర్ల పొడవున్న గీత. స్టేషన్లో ఆగిన గూడ్సు బండి కదిలినప్పుడు కప్లింగుల చప్పుడు మన దగ్గరి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా వరసగా వినబడుతుంది కదా, అలాగే ఆ గీతలో దగ్గరి భాగం శబ్దం ముందు, దూరపు భాగం శబ్దం వెనక చేరుతుంది.

అపోహ: ముందు మెరుపు, తర్వాత ఉరుము పుడతాయి

రెండూ ఒకేసారి పుడతాయి. వెలుగు కిలోమీటరు దూరాన్ని సెకనులో దాదాపు మూడు లక్షలవ వంతులోనే దాటేస్తుంది, శబ్దానికి దాదాపు 3 సెకన్లు కావాలి. చాలామంది సెకనుకో కిలోమీటరని లెక్కేస్తారు. అది పొరపాటు, మూడుతో భాగించాలి. తేలీబాంధా చెరువు గట్టున నిలబడ్డవాళ్లకు, సుమారు 10 కిలోమీటర్ల అవతల మానా విమానాశ్రయం మీద మెరిసిన మెరుపు తాలూకు ఉరుము అర నిమిషానికి చేరుతుంది.

అసలు చిక్కు ఈ లెక్క తెలిసినవాళ్లతోనే. ‘ముప్పై అంకెలు లెక్కపెట్టాక ఉరిమింది, పది కిలోమీటర్ల దూరం, ఫరవాలేదు’ అని పతంగుల ఆట కొనసాగిస్తారు. ఆ మెరుపు దూరంలో పడింది నిజమే, తర్వాతది ఎక్కడ పడాలో దానికి ఎవరూ చెప్పలేదు. మబ్బు అంచు నుంచి పక్కకు సాగి, పైన ఎండ కాస్తున్న చోట కూడా పిడుగు పడుతుంది. ఉరుము మామూలుగా 15 కిలోమీటర్లకు మించి వినబడదు. పిడుగు కూడా మబ్బు నుంచి దాదాపు అంత దూరం చేరగలదు. కాబట్టి అంకెలు ఎన్నొచ్చాయన్నది చూడనక్కర్లేదు, వినబడితే లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ ఫోన్‌లో ఉంటే ఉరుము కన్నా ముందే కబురు అందుతుంది.

అపోహ: చప్పుడు లేని మెరుపు వేడికి పుట్టేది

రాత్రి డాబా మీద పడుకుంటే పడమటి దిక్కున ఉరుము లేకుండా మెరుస్తూ ఉంటుంది. ఉక్కపోతకు మెరుస్తోందంటారు. అవన్నీ మామూలు మెరుపులే, దుర్గ్ వైపో ఇంకా అవతలో. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి శబ్దం నేల మీదుగా తిన్నగా రాకుండా పైకి వంగి, మన తలల మీదుగా పోతుంది. వెలుగుకు ఆ ఇబ్బంది లేదు.

ఉరిమిన ప్రతిసారీ ఎక్కడో పిడుగు పడ్డట్టే అన్నదీ సరికాదు. మెరుపుల్లో ఎక్కువ భాగం మబ్బుల్లోనే పుట్టి అక్కడే ముగుస్తాయి. పిడుగుతో పాటు ఆకాశం నుంచి రాయి పడదు కూడా. మనవాళ్లు పిడుగు రాళ్లని పూజించినవాటిలో చాలా వరకు నవీన శిలాయుగపు మనుషులు నునుపు చేసుకున్న గొడ్డళ్లు. ఇసుక నేల మీద పిడుగు పడితే మాత్రం ఆ వేడికి ఇసుక కరిగి గాజు గొట్టంలా గడ్డకడుతుంది.

అపోహ: వానకు చెట్టు, పిడుగుకు రబ్బరు చెప్పులు

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో పిడుగులకు చనిపోయినవాళ్లు 2,887 మంది. ప్రకృతి విపత్తుల మరణాల్లో మూడోవంతుకు పైనే. 2024 సెప్టెంబరు 8న బలౌదాబాజార్ జిల్లా మోహతరా గ్రామంలో పొలం పనికి వెళ్లిన ఏడుగురు పోయారు. అదే నెల 23న రాజ్‌నంద్‌గావ్ జిల్లా జోరాతరాయిలో వాన నుంచి తలదాచుకున్న 8 మంది పోయారు, వాళ్లలో బడి పిల్లలున్నారు. రెండు ఊళ్లూ రాయ్‌పూర్‌కు వంద కిలోమీటర్ల లోపే.

పిడుగు నేరుగా నెత్తిన పడి చనిపోయేవాళ్లు తక్కువ. చెట్టు మీద పడ్డ కరెంటు కాండం నుంచి పక్కనున్న మనిషికి దూకుతుంది, లేదా నేలలో పరుచుకుని ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ కాబట్టే పశువులు ఒక్క దెబ్బకు మందలుగా పడిపోతాయి. మబ్బు నుంచి నేల దాకా గాలినే చీల్చుకొచ్చిన కరెంటుకు చెప్పు అడుగున ఉన్న అంగుళం రబ్బరు అడ్డమా? కారులో కాపాడేది కూడా టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప ఒళ్లు. అద్దాలు ఎత్తి కూర్చోవాలి. సెల్‌ఫోన్ పిడుగును పిలవదు, మైదానంలో ఎత్తుగా నిలబడ్డ మనిషే పిలుస్తాడు.

అపోహ: పిడుగు తగిలినవాళ్లను ముట్టుకుంటే మనకీ షాకు, పేడలో పాతితే విషం దిగుతుంది

ఈ రెండో నమ్మకం ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇంకా బతికే ఉంది, పత్రికల్లో పలుమార్లు చదివాం. మెడదాకా పేడలో కప్పి, కరెంటు లాగేస్తుందని కూర్చుంటారు. లాగడానికి ఒంట్లో కరెంటేమీ మిగలదు. అది సెకనులో చిన్న ముక్క కూడా గడవకముందే నేలలోకి పోయి ఉంటుంది, కాబట్టి ముట్టుకోవచ్చు. పిడుగు చంపేది ఎక్కువగా గుండెను ఆపి. గుండె తిరిగి కొట్టుకున్నా ఊపిరి అందక రెండోసారి ఆగిపోవచ్చు. ఊపిరి, నాడి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. నలుగురైదుగురు ఒకేసారి పడిపోతే మూలుగుతున్నవాళ్లను కాసేపు ఆపి, కదలిక లేకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి.