పలుచని గాలిలో చీతా

మా ఊరు అమరావతికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున ఉంది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో చూస్తే మా బాబాయి కాస్త కుంటుతూ నడుస్తాడు. ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. సియాచిన్‌లో మంచు తినేసింది. "వేళ్ళు పోతే పోయినయ్. మనిషిని కిందికి దింపింది మాత్రం చీతాయే రా అబ్బాయ్" అంటాడు. చిన్నప్పుడు చీతా అంటే చిరుతపులి అనుకొని నోరెళ్ళబెట్టేవాణ్ణి. బి.ఎస్సీ.లో చేరిన తరువాత గాని ఆ మాటకు అర్థం తెలిసిరాలేదు. తెలిసినంత మేరకు మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు.

యుద్ధంలో చిన్న హెలికాప్టరు పని పెద్ద బాంబులు వేయడం కాదు. శత్రువు జాడ కనిపెట్టడం, ఫిరంగి గుండు ఎక్కడ పడుతున్నదో చూసి చెప్పడం, గాయపడినవాణ్ణి మోసుకురావడం. మన దేశంలో ఫ్రెంచివారి అలౌట్-3 హెలికాప్టరును 1965 నుంచి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేశారు. అదే తరువాత చేతక్ అయింది. అవసరం పడితే ఆయుధం కూడా పట్టింది. 1971లో నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో తర్ఫీదు పొందిన బంగ్లాదేశ్ వైమానికులు, రాకెట్లు అమర్చిన అలౌట్‌తో డిసెంబరు 3 రాత్రి నారాయణగంజ్ దగ్గరి చమురు నిల్వలపై దాడి చేశారు. నేటికీ మన హైదరాబాదు పక్కనున్న హకీంపేటలో వైమానిక దళం వారి హెలికాప్టరు శిక్షణ పాఠశాల ఉన్నది.

అయితే హిమాలయాల సంగతి వేరు. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. ఆరువేల మీటర్ల ఎత్తున గాలి సాంద్రత ఇక్కడ ఉన్నదానిలో సుమారు సగమే. రెక్క తోసేది గాలినే గదా! తోయడానికి గాలి లేకపోతే పైకి లేచేదెట్లా? ఇంజనుకూ అదే గాలి కావాలి. అంటే దెబ్బ రెండువైపులా.

మన సైన్యం అవసరం కోసం ఫ్రెంచివారు దీనికొక ఉపాయం పన్నారు. అలౌట్-2 తేలికైన ఒంటికి అలౌట్-3 బలమైన ఇంజను తగిలించారు. ఆ ఇంజను శక్తి 870 అశ్వశక్తి. వాడనిచ్చేది 550 మాత్రమే. ఇది మన రైతులకు తెలిసిన కిటుకే. అయిదు హెచ్.పి. సరిపోయే బోరుకు ఏడున్నర మోటారు బిగిస్తే, వేసవిలో నీరు కిందికి దిగినా లాగుతుంది. అట్లాగే గాలి పలుచబడినప్పుడు ఆ మిగులు శక్తి అక్కరకొస్తుంది. 1969లో తొలిసారి ఎగిరిన ఈ హెలికాప్టరును అక్కడ లామా అన్నారు, మన దగ్గర చీతా. 1972 జూన్ 21న జాన్ బూలే దీనిమీద 12,442 మీటర్ల ఎత్తుకు పోయి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

1984 ఏప్రిల్ 13న సియాచిన్ పక్కనున్న బిలాఫోండ్ లా కనుమ మీద మన జవాన్లను విడతలు విడతలుగా దించినవి ఈ చీతాలే. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అనే ఇద్దరు మహిళా పైలట్లు వీటినే నడిపారు.

ఇంతచేసినా పలుచని గాలి తన పన్ను వసూలు చేయక మానదు. కింద అయిదుగురిని మోసే చీతా, అన్నిటికన్నా ఎత్తైన శిబిరాలకు ఇరవై, పాతిక కిలోలు మోస్తే గొప్ప. మన గుంటూరు యార్డు లెక్కలో సగం టిక్కీ!

బాబాయి కథలో ముడి ఇక్కడే ఉంది. ఆనాడు శిబిరంలో జబ్బుపడినవారు ఇద్దరు. హెలికాప్టరు మోయగలిగింది ఒక్కరినే. రెండోవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ముందు అతన్ని పంపారు. తరువాత మంచుతుఫాను. బాబాయి వంతు మర్నాటికిగాని రాలేదు. అతను బతికాడు. బాబాయికి రెండు వేళ్ళు పోయాయి.

"నీకు కోపం రాలేదా బాబాయ్?" అని అడిగాను.

"ఎవరి మీద రా? గాలి మీదా?" అన్నాడు.

పరీక్షలో సాంద్రత మీద లెక్క వస్తే అయిదు మార్కులు. అదే లెక్క అక్కడ ఎవరు ముందు దిగాలో తేల్చింది. ఇప్పుడు మా చేలో మందు కొట్టే డ్రోను చప్పుడు వినపడగానే బాబాయి చేతిలో పని ఆపి తలెత్తి చూస్తాడు. అది చేను దాటిపోయిందాకా చూసి, మళ్ళీ కాయల మీదికి వంగుతాడు.