శిలారోహణ శకటము

గూడెం కొత్తవీధినుండి ధారకొండ మీదుగా సీలేరునకు పోవు ఘాటీ మార్గమున, కాఫీ తోటల నీడ దాటిన పిమ్మట, వానకాలపు గెడ్డలు కడిగి విడిచిన బండరాళ్లు వాలులలో పలుచోట్ల కానవచ్చును. భూగర్భమునందలి ఉష్ణపీడనములకు లోనై యుగయుగముల క్రిందట రూపాంతరము చెందిన ఖొండలైటు, చార్నొకైటు శిలలు ఈ తూర్పు కనుమల యస్థిపంజరము. ఎండినపుడు గరుకుదనము, నాచు పట్టినపుడు జారుడు వీని స్వభావము. ఈ కొండలలోనికి చక్రము ఆలస్యముగా వచ్చినది. వచ్చినపుడు దుఃఖమును వెంటబెట్టుకొని వచ్చినది. నర్సీపట్నమునుండి చింతపల్లి వైపు రోడ్డు వేయుటకై గిరిజనులచేత చాలీచాలని కూలికి బలవంతముగా పని చేయించుట, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున రేగిన తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. జీపు పోలేని మన్యపు పల్లెలనుండి రోగులను నేటికిని డోలీ కట్టి మోసికొని వచ్చుచున్నారు. కావున చక్రము రాతి నెట్లెక్కునను ప్రశ్న ఇచ్చట వినోదమాత్రము కాదు. ఆ ప్రశ్నతో పెనగులాడిన యంత్రములలో చిన్నది, సామాన్యముగా అసలు వాహనములో పదవ వంతు పరిమాణము గలది, దూరమునుండి రేడియోతో నడుపబడునది యగు క్రాలర్ ట్రక్కు చరిత్రము నేను వ్రాయబూనినది.

దూరనియంత్రణమునకు పితామహుడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనున నీటితొట్టిలో నొక చిన్న పడవను తంతి లేకుండ నడిపి చూపి, ఆ యేడే దానికి పేటెంటు పొందెను. తరువాతి బొమ్మ కార్ల సుదీర్ఘ చరిత్రను ఇచ్చట విడిచెదను. మన కథకు ముఖ్యమైన సంవత్సరము 1987. జపానుదేశపు తామియా సంస్థ ఆ యేడు క్లాడ్ బస్టర్ అను పెద్ద చక్రముల ట్రక్కును విక్రయమునకు తెచ్చెను. దాని ముందు వెనుక ఇరుసులకు వేరువేరు మోటార్లుండెను. నాలుగు చక్రములును ప్రక్కలకు తిరుగగలిగెను. ఉరుకుటకు పుట్టిన ఆ బండి ఇరుసులను ఊడదీసి, తాము స్వయముగా చేసికొన్న చట్రములకు తగిలించి రాళ్లపై నడుప నారంభించినవారు అమెరికాలోని అభిమానులు. 2000 దశకపు చివరి భాగమున ఆక్సియల్ వంటి సంస్థలు ఈ పనికే నిర్మించిన బండ్లను అంగడికి తెచ్చుటతో, ఇంటి చావడిలో పుట్టిన యంత్రము కర్మాగారపు వస్తువయ్యెను.

దీని యంతరంగము పరిశీలింపదగినది. వేగము దీని గుణము కాదు. మోటారు ముప్పది నలువది మార్లు తిరిగిన గాని చక్ర మొక్కమారు తిరుగకుండునట్లు పండ్లచక్రములను అమర్చి, వేగమును త్యజించి బలమును సంపాదింతురు. సాధారణమైన కారు మలుపు తిరుగునపుడు లోపలి చక్రము నెమ్మదిగను వెలుపలి చక్రము త్వరగను తిరుగుటకు డిఫరెన్షియల్ తోడ్పడును. కాని రాతిపై నొక చక్రము గాలిలో తేలినంతనే శక్తి యంతయు ఆ తేలిన చక్రముననే వృథాయగును గనుక, క్రాలరులో సామాన్యముగా దానిని బిగించివేయుదురు. టైరులో గాలి నింపరు. మెత్తని నురుగు నుంచి, లోపలి గాలి బయటికి పోవుటకు రంధ్రము విడుతురు. రాతి యంచు తగులగనే రబ్బరు లోనికి మడతపడి, అంచు కిరువైపుల నొదిగి, ఉడుము పట్టు పట్టును. ఆ క్షణమున చక్రము తిరుగుచున్నదా నిలిచియున్నదా యని సందేహము కలుగునంత మందముగా బండి కదలును. ముందు ఇరుసు పైకి లేచినకొలది భారము వెనుకకు జారును గనుక, అది వెల్లకిల పడకుండుటకై ముందు చక్రములలో ఇత్తడినో సీసమునో దాచుదురు. ఎంత చేసినను ప్రకృతి విధించిన యెల్ల యొకటి కలదు: సమతలమైన రాతిపై ఘర్షణ గుణకము ఒకటియైనచో, 45 డిగ్రీల వాలు మించి ఏ చక్రమును ఎక్కజాలదు. అంచులను, బీటలను వెదకి పట్టుకొనుటయే నడుపువాని విద్య.

ఇక పందెము. బండపై రెండేసి గుర్తులను నాటి గేట్లు ఏర్పరతురు. నిర్ణీత కాలములో బండి వానిని వరుసగా దాటవలెను. గుర్తును తాకినను, బండిని చేతితో ముట్టినను దోషము లెక్కించబడును. దోషములు తక్కువైనవాడు గెలుచును. వివాదము లిచ్చటనే పుట్టును. రివర్సు వేసినచో దోషమనవచ్చునా? చంద్రునిపై జరిగిన దొకటి ఇచ్చట తలపునకు వచ్చును. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రునిపై దిగి, 26 కిలోల ఆరు చక్రముల ప్రజ్ఞాన్ అను రోవరును క్రిందికి దింపెను. ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వ్యాసము గల గొయ్యి కనబడగా, వెనుకకు మరలుమని శాస్త్రజ్ఞు లాజ్ఞ పంపిరి. అచ్చట వెనుకంజ వివేకము.  అయినను పందెమున దానికి స్వల్పమైన దోషము వేయుట న్యాయమని నా యభిప్రాయము. నడుపువాడు ముందుగా తన కాళ్లతో బండలన్నిటిని చుట్టి చూచుకొను అవకాశ ముండగా, తప్పుదారి నెన్నుకొన్నందుకు కొంత మూల్యము చెల్లింపవలెను గదా.

మరియొక వివాదము ఇంకను లోతైనది. నిబంధనలు చక్రము కొలత, ఇరుసుల నడిమి దూరము మాత్రమే చెప్పి తక్కినది విడిచిపెట్టినపుడు, గెలుపుకొరకు బండ్లు తమ యొడలిని క్రమముగా కోల్పోయెను: తలుపులు లేవు, కూర్చుండు చోటు లేదు, వెనుక ఇరుసును బిగబట్టి ముందు ఇరుసుతో గిరుక్కున తిరుగు ఉపాయములు గల ఎముకలగూడులు మాత్రము మిగిలెను. దీనిని సహింపని వారు అసలు ట్రక్కును పోలినదానికే ప్రత్యేక తరగతి కావలెనని పోరాడిరి. ఆ కోరికనుండియే 2017లో ట్రాక్సాస్ సంస్థ తెచ్చిన టి.ఆర్.ఎక్స్.-4 వంటివి, దూరమునుండి డిఫరెన్షియల్‌ను బిగించి విడువగల నిండు దేహపు బండ్లు, ఆదరణ పొందెను. ఈ యంత్రమును ఇంజనీర్లు నిర్మించిరనుట సగము సత్యము. తక్కిన సగమును నిబంధనలపై వాదులాడినవారు నిర్మించిరి. నేను అసలు ట్రక్కును పోలిన బండిని కోరు పక్షము వాడను. నిజమైన జీపు పడు కష్టము పడని నమూనా, రాతిని జయించినను, చక్రమును గూర్చి మనకు తెలుపునది స్వల్పము.

గూడెం కొత్తవీధి బండలపై ఇట్టి పందెము నడుపదలచినవారు పరదేశపు నిబంధనలను యథాతథముగా గైకొనరాదు. ఇచ్చటి ఖొండలైటు పైపొర శైథిల్యము చెంది పెచ్చులుగా ఊడును. మొదటి బండి కదల్చిన రాయి రెండవ బండికి వేరొక మార్గ మగును. కావున ప్రతివాని వంతుకు ముందు ఆ రాతిని సుద్దగీతల నడుమ తిరిగి యుంచవలెను. కాఫీ పండ్లు కోయు మాసములలో తోటల ప్రక్కన గేట్లు నాటరాదు. డోలీ పోవు కాలిబాటను ఎన్నడును గీత గీసి మూయరాదు. శీతకాలమున పొద్దెక్కువరకు పొగమంచు వీడదు. తడిబండపై మొదట దిగినవానికిని, ఎండిన బండపై చివర దిగినవానికిని ఒకే కాలపరిమితి విధించుట అన్యాయము గనుక, న్యాయనిర్ణేత బండను అరచేతితో తాకి, పొడిగా నున్నదని చెప్పిన పిమ్మటనే గడియారము నడువవలెను.