మంచం దిగొద్దన్నప్పుడు



ఒకసారి కడుపు పోయిన పిల్లకు మళ్లీ నెల తప్పిందని తెలిస్తే మన ఇళ్లల్లో మొట్టమొదట జరిగే పని ఏమిటో మీకందరికీ తెలుసు. నడవలో మంచం వాలుతుంది. "మ్మేయ్, ఇంక నువ్వు కాలు కింద పెట్టొద్దు" అంటుంది జేజి. బిందె ఎత్తొద్దంటుంది అత్త. మిద్దె మెట్లెక్కొద్దంటాడు మొగుడు. అందరూ ప్రేమతోనే అంటారు. కానీ ఆ మంచం మీద నెలల తరబడి పగలూ రాత్రీ గడపాల్సింది ఆ పిల్ల ఒక్కతే. ఈవేళ నేను చెప్పబోయేది ఆ పిల్ల కోసమే.

నా పుట్టిల్లు పులివెందుల. మెట్టినిల్లు జమ్మలమడుగు. చూపించుకున్నది ప్రొద్దుటూరులో. ఇరవై ఏళ్లు దాటిన మాట. మొదటి కాన్పు ఆరో నెలలోనే, నొప్పులు కూడా సరిగ్గా తెలియకుండానే అయిపోయింది. ఆడపిల్ల. గంటసేపు కూడా బతకలేదు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ నిలిచినప్పుడు, గర్భసంచి మూతి బలహీనంగా ఉందని మూడో నెల దాటగానే కుట్టు వేశారు. "ఇంటికి పోయి రెస్టు తీసుకో" అన్నారు. రెస్టంటే ఏమిటి, ఎంత, ఎన్నాళ్లు అని నేను అడగలేదు. ఇంటికొచ్చి ఐదు నెలలు మంచానికి అతుక్కుపోయాను. నా మొదటి పొరపాటు ఆ అడగకపోవడమే.

ఆ కుట్టు సంగతి కొంచెం చెప్పాలి. చెనక్కాయల గోతాం నిండా కాయలు పోసి మూతి సరిగ్గా కుట్టకపోతే ఏమవుతుంది? బరువు పెరిగేకొద్దీ మూతి విచ్చుకుంటుంది. కొందరి గర్భసంచి అంతే, బిడ్డ బరువు పెరిగే నాలుగో నెల, ఐదో నెలకు మూతి వదులైపోతుంది. దాన్ని దారంతో బిగించే పద్ధతిని బొంబాయి డాక్టరు విఠల్ నాగేశ్ శిరోద్కర్ 1955లో ప్రకటించాడు. ఆ వ్యాసం అచ్చయింది ఎక్కడో విదేశంలో కాదు, అప్పట్లో మద్రాసు నుంచి వెలువడిన 'యాంటిసెప్టిక్' అనే వైద్యపత్రికలో! రెండేళ్లకు ఆస్ట్రేలియాలో మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు ఇంకా సులువైన కుట్టు చెప్పాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఈ ఇద్దరి పద్ధతులే వాడుతున్నారు. సాధారణంగా 12 నుంచి 14 వారాల మధ్య వేసి, 36, 37 వారాలప్పుడు విప్పేస్తారు. కడుపు పోయిన ప్రతివాళ్లకూ ఇది పనికిరాదు. మూతి వదులైనవాళ్లకే.

ఇక విశ్రాంతి మాట. మంచం మీద పడుకుంటే కడుపు నిలుస్తుందని మన పెద్దలే కాదు, డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. తర్వాత పరీక్షించి చూశారు. కవలలు కడుపులో ఉన్నవాళ్లను ఆస్పత్రిలో చేర్చి పడుకోబెడితే లాభముందా అని ఆఫ్రికాలో, జింబాబ్వే దేశపు హరారే నగరంలో పరిశీలించి 1985లో ఫలితాలు ప్రకటించారు. నెలలు నిండకముందు కాన్పులు తగ్గలేదు. గర్భసంచి మూతి పొట్టిగా ఉన్న తొలిచూలు స్త్రీలను అమెరికాలో చూశారు. 2013లో వచ్చిన ఆ లెక్కల్లో, పనులు మానుకున్నవాళ్లకే ముందు కాన్పులు ఎక్కువగా అయ్యాయి! పడుకోవడం వల్లనే అలా అయిందని ఖాయంగా అనలేం గానీ, పడుకోవడం కాపాడిందని మాత్రం అనలేం. అందుకే ఇప్పుడు పెద్ద పెద్ద వైద్య సంఘాలు ఊరికే అందరినీ మంచానికి కట్టెయ్యొద్దని చెబుతున్నాయి.

ఊరికే పడుకుంటే పోయేదేముంది అంటారా? చాలా ఉంది. కదలని కాళ్ల పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు. గర్భిణికి మామూలుగానే ఆ ప్రమాదం ఎక్కువ, పడుకునే ఉంటే ఇంకా పెరుగుతుంది. కండలు కరుగుతాయి, ఎముకలు పలచబడతాయి, మలబద్ధకం పట్టుకుంటుంది. అన్నిటికంటే, మనసు కుంగిపోతుంది.

అలాగని ఈ మాటలు విని రేపే లేచి చీపురు పట్టుకోకండి! మాయ కిందికి ఉండి రక్తస్రావమయ్యేవాళ్లు, ఉమ్మనీరు కారేవాళ్లు, బి.పి. బాగా పెరిగినవాళ్లు, ఒక్కొక్కరి సంగతి ఒక్కొక్క రకం. మీ డాక్టరు మీకు చెప్పింది మీ ఒంటిని చూసి చెప్పింది. దాన్ని మీ అంతట మీరు మార్చుకోవద్దు. కానీ అడగండి. నాకెందుకు రెస్టు? బాత్‌రూముకు లేవచ్చా? స్నానం చెయ్యచ్చా? కూర్చుని కూర తరుక్కోవచ్చా? ఎంత బరువు ఎత్తచ్చు? మెట్లు ఎక్కచ్చా? భార్యాభర్తలు దూరంగా ఉండాలా? మళ్లీ ఎప్పుడు చూసి మారుస్తారు? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పొండి. అక్కడ గబగబా అడగబోతే సగం మరిచిపోతాం. అడగడానికి సిగ్గెందుకండీ? చీర కొనడానికి పోయి వంద ప్రశ్నలు అడుగుతాం కదా!

కాన్పు గండమున్నవాళ్లకు ప్రతి నెలా 9వ తేదీ గుర్తుండాలి. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఆ రోజు ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులను ఉచితంగా డాక్టరే స్వయంగా చూస్తారు. ప్రైవేటులో చూపించుకుంటున్నా, రెండో మాట అడగాలనుకుంటే అక్కడికి పోవచ్చు.

సరే, మంచం తప్పలేదనుకుందాం. ఎక్కడ వేస్తారు దాన్ని? మా ఇంట్లో మొదట లోపలి గదిలో వేశారు, దిష్టి తగలకుండా. నాలుగు గోడలు, ఒక దూలం. నెల తిరిగేసరికి ఆ దూలం మీద చెద గీతలెన్నో నాకు లెక్క తెలుసు. తర్వాత మా అత్తే, "ఇదేమి జైలా?" అని మంచాన్ని వంటింటి వాకిలి ఎదురుగా వేయించింది. పోపు వాసన, పిల్లల గోల, పాలవాడితో బేరం, అన్నీ నా ముందే. కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసిచ్చేదాన్ని. ఇంట్లో మనిషినయ్యాను. మంచం పక్కనే చేతికందేట్టు నీళ్ల చెంబు, మందులు, ఫోను ఉండాలి. బాత్‌రూము దగ్గరుండాలి. మన నాపబండల నేల తడిస్తే జారుతుంది, అక్కడ ఒక గోనెపట్ట వెయ్యండి.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మనకు మామూలు. పైన బండలు పరిచిన మిద్దె కింద మధ్యాహ్నం పడుకుంటే పెనం మీద పడుకున్నట్టే. పొద్దుటి ఎండ తగిలే గది వేరు, సాయంత్రపు ఎండ తగిలే గది వేరు. పూటను బట్టి మంచం మార్చండి, నలుగురు పట్టుకుంటే అదెంత పని? కిటికీకి తడిగుడ్డ కట్టండి. ఒంట్లో నీళ్లు తగ్గితే కడుపు బిగుసుకున్నట్టవుతుంది, మూత్రంలో మంట వస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే భయమూ పెరుగుతుంది. మాటిమాటికీ బాత్‌రూముకు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పిల్లలున్నారు. ఆ పని మాత్రం చెయ్యద్దు. మజ్జిగ, రాగి అంబలి, మన పులివెందుల చీనీకాయలు ఉండనే ఉన్నాయి. షుగరున్నవాళ్లు చీనీరసం డాక్టరునడిగి తాగాలి.

పొట్ట పెరిగాక వెల్లకిలా పడుకోకండి. గర్భసంచి బరువు నడుము వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకోండి. డాక్టరు వద్దనకపోతే గంటగంటకూ మడమల దగ్గర పాదాలను పైకీ కిందికీ పదిపదిహేనుసార్లు ఆడించండి, పెడల్ తొక్కినట్టు. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో వేసుకోవద్దు, ఒంటబట్టదు. నిమ్మనీళ్లతో అయితే మంచిది. కాల్షియం మాత్ర దానితో కలపకుండా వేరే పూట వేసుకోండి. సంగటీ ఆకుకూరా ఉన్న ఇంట్లో మలబద్ధకానికి వేరే మందు వెతకనక్కర్లేదు, చాలావరకు.

ఇప్పుడు అసలు బాధ దగ్గరికి వద్దాం. శరీరాన్ని పడుకోబెట్టవచ్చు, మనసు పడుకోదు. చూడటానికి వచ్చినవాళ్లు అంటారు: "ఏంది మ్మా, ఇంకా పండుకోనే ఉండావా? ఈసారన్నా నిలుస్తాదా?" ఇంకొకరు "పోయిందాన్ని తలుచుకోవద్దు, మరిచిపో" అంటారు. ఎలా మరిచిపోతాం? ఆ పిల్లను తొమ్మిది నెలలు మోయకపోయినా, ఆరు నెలలు మోశాను కదా. కడుపులో కొత్త బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషం కంటే ముందు భయం వచ్చేది. సంతోషపడితే పాత పిల్లకు ద్రోహం చేసినట్టూ, ఏడిస్తే ఈ బిడ్డకు చెరుపు చేసినట్టూ అనిపించేది. మీకూ అలాగే అనిపిస్తోందా? అది పిచ్చి కాదు, తప్పూ కాదు. బిడ్డను పోగొట్టుకున్న చాలామంది తల్లులకు అలాగే ఉంటుంది.

ఇంకొకటి. మీరేదో చెయ్యడం వల్ల ఆ బిడ్డ పోలేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల తేడాలే. బిందె ఎత్తడమూ కాదు, బస్సు కుదుపూ కాదు, అత్తతో పోట్లాడటమూ కాదు. నాకు ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఏడాదిన్నరపాటు ముద్దనూరు రోడ్డు గుంతలను తిట్టుకుంటూ ఉండేదాన్ని కాదు!

అన్నిటికంటే కష్టమైనది పోయినసారి బిడ్డ పోయిన వారం. నాకది ఇరవై మూడో వారం. క్యాలెండరులో ఆ వారం దగ్గరపడుతుంటే అన్నం సహించలేదు. ఆ రాత్రుళ్లు మా అత్త నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఒక రాత్రి చీకట్లో, "ఆ పిల్ల ముక్కు నీ మొగుని ముక్కే, చూసినావా?" అంది. అంతవరకూ ఇంట్లో ఎవరూ ఆ పిల్ల మాట ఎత్తలేదు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తెల్లారి నాకు ఆకలేసింది. కాబట్టి ఇంట్లోవాళ్లకు చెబుతున్నాను, ఆ వారం ఎప్పుడో తెలుసుకోండి. ఆ పిల్లను ఒంటరిగా వదలకండి. ఆ వారంలో డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకుపోయి గుండె చప్పుడు వినిపించండి.

రెండు వారాలు దాటినా నిద్ర లేక, తిండి లేక, బతుకు మీదే విసుగు పుడుతుంటే దాన్ని వేవిళ్ల నీరసం అనుకోవద్దు. డాక్టరుకు చెప్పండి. 2022లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను, 14416, తెలుగులోనే మాట్లాడుతుంది, డబ్బు తీసుకోదు.

ఎప్పుడు పరుగెత్తాలో కూడా చెప్పుకోవాలి. రక్తం కనపడినా, నీళ్లు కారినా, కడుపు విడతలు విడతలుగా బిగుసుకుంటున్నా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం తగిలినా, ఏడో నెల తర్వాత బిడ్డ కదలిక తగ్గినట్టు తోచినా, "తెల్లారనీ చూద్దాం" అనవద్దు. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 ఉంది. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ మిషన్ ఆస్పత్రి మన అవ్వల కాలం నుంచీ ఉంది, ప్రొద్దుటూరులో జిల్లా ఆస్పత్రి ఉంది, కడపలో పెద్దాస్పత్రి ఉంది. నెలతక్కువ బిడ్డలను చూసే ప్రత్యేక వార్డు మీకు దగ్గరలో ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. ముందుగా కాన్పు వచ్చేట్టుంటే బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజెక్షన్ తల్లికి వేస్తారు. అది పని చెయ్యడానికి కొంత సమయం పడుతుంది, అందుకే తొందరగా చేరాలి.

ఉద్యోగం చేసే చెల్లెళ్లకు ఒక మాట. ప్రసూతి సెలవుల చట్టం వర్తించేచోట, గర్భస్రావమైతే ఆరు వారాలు, గర్భం వల్ల జబ్బు చేస్తే అదనంగా ఒక నెల జీతంతో సెలవు ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతపరచాలి. చాలామందికి తెలియక జీతం పోగొట్టుకుంటున్నారు.

మంచం దిగమన్న రోజున ఒక్కసారిగా లేవకండి. నాకు ముప్పై ఏడో వారంలో కుట్టు విప్పి, "ఇంక తిరుగమ్మా" అన్నారు. తిరగడానికి కాళ్లేవీ? పిక్కలు కట్టెపుల్లల్లా అయిపోయాయి. మొదటిరోజు వాకిలి దాకా, రెండోరోజు వేపచెట్టు దాకా. మూడోరోజు వీధి గేటు దాకా పోయాను. మా అత్త నా వెనకాలే ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వచ్చింది. నేను ఆగిన చోటల్లా కుర్చీ వేసింది.