పాస్‌పోర్టులో ఇంటిపేరు

విదేశాల్లో ఉన్న పిల్లలను చూసి రావడానికి భార్యాభర్తలు కలిసి బయలుదేరడం మన చంద్రపూర్ జిల్లాలోనూ ఇప్పుడు వింత కాదు. ఆవకాయ సీసాలు, స్వెట్టర్లు జాగ్రత్తగా సర్దుకుంటారు. పేర్ల సంగతి మాత్రం చూసుకోరు.

మనది సరిహద్దు చిక్కు. రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోదే కదా! ఇంట్లో మనం ఇంటిపేరు ముందు చెబుతాం: మేకల లక్ష్మి అనుకోండి. మరాఠీ కాగితంలో ఆవిడే లక్ష్మి రాజయ్య మేకల. భర్త పేరు నడుమ చేరింది, ఇంటిపేరు చివరికి పోయింది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. అందులో భర్తకు 'మేకల' అనీ, భార్యకు 'రాజయ్య' అనీ పడిందంటే, పరాయి దేశంలో అధికారి మీరిద్దరూ ఏమవుతారని అడగవచ్చు.

ఆ గడి ఖాళీగా వదిలినా ఇబ్బందే. అమెరికా వీసాలో మీ పేరు ఇంటిపేరు చోటికి వెళ్లి, పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వస్తుంది. పేరు తెలియదని దాని అర్థం. బారసాల చేసి పెట్టిన పేరు తెలియకపోవడమేమిటో! ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను రానివ్వబోమని 2022 నవంబరులో దుబాయి వైపువారూ చెప్పారు, తరువాత కొంత సడలించారు.

పాస్‌పోర్టుకు పెళ్లి సర్టిఫికెట్టు అక్కరలేదని 2016 డిసెంబరులో ప్రకటించారు. కొన్ని వీసాలకు మాత్రం అడుగుతారు. పాస్‌పోర్టులో పేరు దిద్దాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకు వ్యవధి ఉంచుకుని, టికెట్టు కొనకముందే ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. టికెట్టు మీద ఆ అక్షరాలే ఉండాలి.