ఆక్సిజన్ లేనిచోట టోలీన్ విచ్ఛిన్నం

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత, ఆక్సిజన్ అందని నేలపొరల్లో బాక్టీరియాలు టోలీన్ వంటి ఆరోమాటిక్ ద్రావణులను ఎలా విచ్ఛిన్నం చేస్తాయో మీరు వివరించగలుగుతారు.

1. ఆక్సిజన్ చేసే రెండు పనులు

భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు కారితే బెంజీన్, టోలీన్ భూగర్భజలంలో కలుస్తాయి. వాటిని తినే బాక్టీరియాలు నీటిలో కరిగి ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను త్వరలోనే ఖర్చు చేస్తాయి. విచ్ఛిన్నం అంతటితో ఆగిపోతుందా? ఆగదు. కారణం తెలియాలంటే ఆక్సిజన్ చేసే రెండు పనులను విడివిడిగా చూడాలి. ఒకటి: ఆక్సిజనేజ్ ఎంజైముల ద్వారా, ఎంతో స్థిరమైన సమ్మేళనంపై తొలి దాడికి తోడ్పడుతుంది. రెండు: శ్వాసక్రియ చివర ఎలక్ట్రాన్లను స్వీకరిస్తుంది. చాలామంది విద్యార్థులు రెండవదాన్ని మాత్రమే రాసి, మొదటిదాన్ని మరచిపోతారు. ఆక్సిజన్ లేనప్పుడు ఈ రెండు పనులకూ వేర్వేరు ప్రత్యామ్నాయాలు కావాలి.

2. తొలి దాడి

థావెరా ఆరోమాటికా అనే బాక్టీరియాను తీసుకోండి. దీనిలోని బెంజైల్‌సక్సినేట్ సింథేజ్ అనే ఎంజైము స్వేచ్ఛా ప్రాతిపదిక సాయంతో టోలీన్ మిథైల్ సమూహం నుంచి ఒక హైడ్రోజన్ పరమాణువును తీసి, మిగిలిన భాగాన్ని ఫ్యూమరేట్‌కు కలుపుతుంది. ఇలా ఏర్పడిన బెంజైల్‌సక్సినేట్ మరికొన్ని చర్యల తరువాత బెంజోయిల్-కోఎంజైమ్ ఎ అవుతుంది.

వాయు బాక్టీరియాలు వలయాన్ని ఆక్సీకరిస్తాయి. ఇవి అందుకు భిన్నంగా క్షయకరిస్తాయి. థావెరాలో వలయానికి రెండు ఎలక్ట్రాన్లు చేర్చడానికి రెండు ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. వలయం స్థిరత్వం అలా సడలాక, తెరుచుకుని, చివరకు అసిటైల్-కోఎంజైమ్ ఎ ఏర్పడుతుంది.

3. ఎలక్ట్రాన్ల స్వీకరణ

ఒక టోలీన్ అణువు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మారితే 36 ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. థావెరా వీటిని నైట్రేట్‌కు అందిస్తుంది. జియోబాక్టర్ మెటాలిరెడ్యూసెన్స్ ఫెర్రిక్ ఇనుముకు ఇస్తుంది. ఒక్కో ఫెర్రిక్ అయాన్ ఒకే ఎలక్ట్రాన్‌ను స్వీకరిస్తుంది కాబట్టి, ఒక టోలీన్ అణువుకు 36 అయాన్లు కావాలి. మరికొన్ని బాక్టీరియాలు సల్ఫేట్‌ను వాడుకుంటాయి.

4. క్షేత్ర ఉదాహరణ

1979 ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, బెమిడ్జి పట్టణ సమీపంలో ముడిచమురు పైపులైను పగిలింది. శుభ్రం చేయగా మిగిలిన చమురు భూగర్భజలం దాకా దిగింది. అక్కడ ఆక్సిజన్ లేని మండలంలో, ఇసుకరేణువుల మీది ఇనుము సాయంతో కాలుష్యకాలు విచ్ఛిన్నమవుతున్నాయని పరిశోధకులు గుర్తించారు. అయితే ఆ ఇనుము తరగని నిధి కాదు. అది ఖర్చయ్యేకొద్దీ కాలుష్యం హద్దు ముందుకు జరుగుతుంది. పైగా బెంజీన్‌కు మిథైల్ సమూహం లేదు. పైన చెప్పిన తొలి దాడికి దానిలో పట్టు దొరకదు కనుక, అది సాధారణంగా టోలీన్ కంటే ఎక్కువకాలం నిలిచి ఉంటుంది. బెంజీన్ క్యాన్సర్ కారకం. కాబట్టి టోలీన్ తగ్గిందని చూసి, ఆ బావినీరు తాగవచ్చని నిర్ణయించకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆక్సిజన్ చేసే రెండు పనులకు థావెరాలో ఉన్న ప్రత్యామ్నాయాలను పేర్కొనండి.
2. ఒక టోలీన్ అణువుకు 36 ఫెర్రిక్ అయాన్లు ఎందుకు అవసరం?